తెల్లగా మిగిలిన గుడ్డ

నవంబర్ 4, సోమవారం

డాక్టరు ఇంకా నలభై రోజులు ఆఫీసుకు వెళ్లొద్దన్నాడు, కారు నడపొద్దన్నాడు, ఎవరి మీదా కోపం తెచ్చుకోవద్దన్నాడు. మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి. మూడోది ఎవరి చేతిలో ఉందో ఆయన చెప్పలేదు.

గుండెలో స్టెంటు వేసి పదహారు రోజులు. రాగిణి పొద్దున ఎనిమిదింటికల్లా నారాయణగూడలో తను పాఠాలు చెప్పే బడికి వెళ్లిపోతుంది. తర్వాత చిక్కడపల్లిలోని ఈ ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. చేతులకు చిన్న పని ఏదైనా పెట్టుకోమని డాక్టరే సలహా ఇచ్చాడు. అందుకని ఇవాళ బయటికి వెళ్లి కారును చూశాను. రోజూ కనబడేదే, కానీ చూసి చాలా ఏళ్లయింది.

నాన్న తొంభై ఎనిమిదిలో కొన్న మారుతి. కొన్నప్పుడు పండుమిరప రంగు. ఇప్పుడు బానెట్, పైకప్పు, తలుపులు అన్నీ వెలిసిపోయి నీళ్లెక్కువైన గులాబీ షర్బత్‌లా ఉన్నాయి. చెయ్యి వేస్తే పొడి అంటుకుంటోంది. వెనక డిక్కీ ఒక్కటే కొంచెం నయం. గోడ నీడ పడుతుంది కాబట్టి.

ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ఎల్లవ్వ మీద ఒక కన్నేయాలి. పొద్దున బొగ్గులు రాజేయగానే గల్లీ దాటి వచ్చింది. వంగి, నా కారు వెనక చక్రం కిందకు తొంగి చూసి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. నన్ను చూడలేదు.

నవంబర్ 5, మంగళవారం

ఎల్లవ్వ మళ్లీ చూసింది. అదే చక్రం.

రాణిగంజ్‌కు ఆటోలో వెళ్లి సామాను తెచ్చాను. తడిపి రుద్దే సన్న వాటర్ పేపర్, రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్, ఒక డజను తెల్ల గుడ్డలు. కొట్టువాడికి కారు ఏ ఏటిదో చెప్తే ముందే హెచ్చరించాడు. "పాత రంగైతే గుడ్డంత ఎర్రగైతది సార్, పరేషాన్ గాకుండ్రి. చచ్చిన పొర ఊడొస్తున్నట్టు. కొత్త రంగులకైతే మీద క్లియర్ అని అద్దం లెక్క పొర ఉంటది, గుడ్డకేం అంటదు."

మధ్యాహ్నం బానెట్ మీద జానెడు మేర రుద్దాను. గుడ్డ ఎర్రబడింది. కింద నుంచి నాన్న కొన్న రంగు బయటపడింది. ఒక్క జానెడే, కానీ నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఈ ఇంట్లో నేను అడిగితే నిజం చెప్పేది ఇదొక్కటే అనిపించింది.

అలా ఎందుకు రాశానంటే, సాయంత్రం వంటింట్లో రాగిణి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. నేను మంచినీళ్లకు వెళ్లేసరికి "సరే, మళ్ల చేస్త" అని పెట్టేసింది. ఎవరని అడగలేదు. అడిగితే జాగ్రత్త పడతారు.

నవంబర్ 7

బానెట్ సగం. చెయ్యి లాగేస్తోంది. ఎల్లవ్వ చూసింది.

నవంబర్ 9, శనివారం

బానెట్ పూర్తయింది. ఎదురు హాస్టల్ పిల్లలు ఇద్దరు పుస్తకాల సంచులతో లైబ్రరీకి పోతూ ఆగి, "అంకుల్, కొత్తగ కొన్నరా" అని అడిగారు. గ్రూప్స్ రాసేవాళ్లకు ఆ మాత్రం పరిశీలన లేకపోతే ఉద్యోగాలెలా వస్తాయి?

నేను ఊరికే అనుమానించే మనిషిని కాను. మా శాఖలో విజిలెన్స్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ఎవరు ఏం దాచారో కనిపెట్టినందుకే నాకు జీతం. రాగిణి స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చూశాను. మొన్న మాట్లాడింది సంధ్యతో. సంధ్య అంటే ఉదయ్ కూతురు. ఉదయ్ కుమార్ నా తమ్ముడు. వాడితో నేను మాట్లాడి పన్నెండేళ్లు.

ఆ పేరు రాయగానే చెయ్యి వేడెక్కుతుంది. 2012 ఫిబ్రవరిలో నేను తనిఖీ పని మీద మూడు వారాలు ఖమ్మంలో ఉన్నాను. అప్పుడు ఉదయ్ కుటుంబం కూడా ఈ ఇంట్లోనే, పై వాటాలో. నేను వెళ్లిన పొద్దునే వాడు బాత్రూంలో బట్టలు పిండుకుని సబ్బునీళ్లు అలాగే వదిలేశాడు. అమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. చేతికర్రతో తొమ్మిదేళ్లు బతికింది, మూడేళ్ల కింద పోయింది. నేను ఖమ్మం నుంచి వచ్చిన రోజు వాడిని గేటు ముందు నిలబెట్టి గల్లీ అంతా వినేలా కడిగేశాను. ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేసినవాడు ఏం మాట్లాడతాడు? నెల తిరక్కుండా అంబర్‌పేటలో ఇల్లు కిరాయికి తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ దినాల్లో పక్కపక్కనే కూర్చున్నాం, నేను తల తిప్పలేదు.

నా భార్య ఆ ఇంటివాళ్లతో మాట్లాడుతోంది. ఎన్నాళ్లుగా?

నవంబర్ 10

ఆదివారం. రాగిణి ఇంట్లోనే ఉంది. కుడి తలుపులు రెండూ చేశాను. గుడ్డలు ఎర్రగా. ఆమె రెండుసార్లు బయటికి వచ్చి, డిక్కీ దగ్గర నిలబడి, "ఎనకంత మంచిగనే ఉన్నది కద, అది ఇడిసిపెట్టు" అని లోపలికి వెళ్లింది. ఎప్పుడూ కారు సంగతి పట్టని మనిషి.

నవంబర్ 12, మంగళవారం

డిక్కీ మీద పది నిమిషాలు రుద్దాను. గుడ్డ తెల్లగా ఉంది.

ఇంకో గుడ్డ తీసుకున్నాను. అదీ తెల్లగానే ఉంది. కాంపౌండ్ మార్చాను, చెయ్యి మార్చాను. ఎడమ మూల మీదా అంతే. పైకప్పు మీద అదే గుడ్డ పెట్టి రెండుసార్లు లాగితే ఎర్రబడింది. మళ్లీ డిక్కీ మీద పెడితే ఏమీ లేదు.

గోడ నీడ వల్ల కాదు. ఇది వేరే రంగు. ఎవరో వేయించారు. నాకు చెప్పలేదు.

నవంబర్ 13

తెల్ల గుడ్డను ప్లాస్టిక్ సంచిలో వేసి, మీద తేదీ రాసి, నా టేబుల్ సొరుగులో పెట్టాను. ఆఫీసు అలవాటు.

డిక్కీ రబ్బరు అంచు ఎత్తి చూస్తే కింద సన్నటి రంగు గీత. మాస్కింగ్ టేపు వేసి రంగు కొట్టినప్పుడు మిగిలేది. కొన్న నాటి నుంచి ఈ కారు మా ఇంటివాళ్ల చేతులు దాటలేదు. నేను ఇంట్లో లేకుండా పది రోజులకు మించి ఎక్కడికీ వెళ్లలేదు, ఒక్క ఖమ్మం తప్ప. ఇక దీనికి పెద్ద విచారణ ఏం కావాలి. నేను ఖమ్మంలో ఉండగా ఉదయ్ కారు తీశాడు. ఎక్కడో గుద్దాడు. రంగు వేయించి చప్పుడు చేయకుండా పెట్టేశాడు. అమ్మను మంచాన పడేసింది చాలక, నాన్న కారును కూడా.

నేను ఖమ్మం బయల్దేరిన రోజు నాకు బాగా గుర్తుంది. తెల్లవారుజామున అయిదింటికి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. మా గల్లీలో అందరూ బండ్లు న్యూట్రల్‌లోనే పెడతారు, ట్యాంకర్ వస్తే ఎవరి బండినైనా ఎవరైనా తోసేందుకు. గల్లీ అశోక్‌నగర్ నాలా వైపు దిగుడుగా ఉంటుంది కాబట్టి చక్రం కింద తలా ఒక ఇటుక. నా హ్యాండ్‌బ్రేక్ అప్పటికే వదులు, కేబుల్ మార్చాలని మెకానిక్ చెప్పాడు, కానీ ఇటుక ఉండగా అదెందుకు? ట్యాంకర్ కోసం కారును ముందుకు తోశాను, అది పోయాక మళ్లీ వెనక్కి తెచ్చాను, ఇటుక పెట్టాను, ఆటో ఎక్కాను. బస్సు హయత్‌నగర్‌లో ఆగినప్పుడు ఇంటికి ఫోన్ చేసి అమ్మ లేచిందా అని కూడా కనుక్కున్నాను. అంత పట్టింపు ఉన్న మనిషిని నేను. నా వెనక వీళ్లు చేసింది ఇది.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. రాగిణి సంధ్యవేళ గేటు స్తంభాల మీద దీపాలు పెడుతోంది. నాన్న ఈ స్తంభాలను గోడ కంటే జానెడు ముందుకు కట్టించాడు. ఎడమ స్తంభానికి మోకాలి ఎత్తున సున్నం ఉబ్బినట్టు ఉంది. దీపం వెలుగు పక్క నుంచి పడితేనే తెలిసింది.

ఆమె గుడికి వెళ్లాక తాళంచెవితో గోకాను. నాలుగు పొరల సున్నం రాలింది. కింద సిమెంటు పగిలి, పగుల్లో ఎర్రరంగు. పండుమిరప ఎరుపు.

ఎక్కడో కాదు. ఇక్కడే గుద్దాడు, మా గేటుకే. కారును సందులోంచి తీయడం కూడా చేతకాలేదు వాడికి.

తల ఎత్తితే ఎల్లవ్వ ఇస్త్రీ పెట్టె చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

నవంబర్ 16, శనివారం

భోజనం దగ్గర నేరుగా అడగకుండా, మనం ఈ గేటుకు ఎప్పుడైనా రిపేరు చేయించామా అని అడిగాను. రాగిణి కూర వడ్డిస్తూ, సున్నమే కద ప్రతి దసరాకు వేయిస్తం అంది. డిక్కీకి ఎప్పుడైనా రంగు వేయించామా అన్నాను. గరిటె ఆగింది. ఒక్క క్షణమే. నాకు తెలియదు, కారు సంగతులు నీవే కదా అంది.

అబద్ధం. ముప్పై ఏళ్ల కాపురంలో నాకు అబద్ధం చెప్పగలదని నేననుకోలేదు. ఆ మాట రాస్తుంటే కోపం కంటే ఏడుపు దగ్గరగా వస్తోంది. తన మరిదిని కాపాడుతోంది. నాకన్నా వాడెక్కువయ్యాడు.

నవంబర్ 18

మాట్లాడలేదు. ఆమె కూడా.

నవంబర్ 20, బుధవారం

బీరువా వెతికాను. తప్పే. తన పట్టుచీరల మధ్య ఏం చేతులు పెడుతున్నానని అడగడానికి ఆమె ఇంట్లో లేదు కదా.

శుభలేఖ దొరికింది. నాలుగు మూలలా పసుపు. సంధ్య పెళ్లి. డిసెంబర్ 5, గురువారం, అంబర్‌పేటలో. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చి బొట్టు పెట్టి పిలిచి వెళ్లినట్టున్నారు. ఆహ్వానించువారు అన్న చోట నాన్న పేరు కిషన్ రావు, అమ్మ పేరు అరుంధతి, పక్కన దివంగతులని. దాని కింద నా పేరు ఉంది. ఉమాకాంత్, పెదనాన్న. వాడి పేరు కన్నా పైన.

ఎందుకు వేశాడు? నన్ను మెత్తబరచడానికి. ఏదో దాచినవాడే ఇంత మర్యాద చేస్తాడు. పెళ్లి లోపు వాడి దొంగతనం బయటపెట్టి, ఆ కార్డు వాడి మొహాన కొట్టి, అప్పుడు పాలిష్ పని ముగిస్తాను.

నవంబర్ 22, శుక్రవారం

అప్పట్లో ఉదయ్ స్కూటర్‌కు రంగు వేసిన కుమారస్వామి షెడ్డు ముషీరాబాద్‌లో ఇంకా ఉంది. ఆటోలో వెళ్లాను. డిక్కీ ఫోటోలు ఫోన్‌లో చూపించాను. ముసలివాడయ్యాడు, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఎవరి పని అని అడిగాను.

"నా పనే సార్. నా చెయ్యి నాకు ఎర్క గాదా?"

ఎప్పుడు, ఎవరు తెచ్చారో చెప్పమంటే ఆలోచించే పనే పెట్టుకోలేదు. అందరూ కొత్త రంగు మెరవాలని వస్తారట. రంగు పాతగా కనబడాలని వచ్చింది ఆయన మొత్తం సర్వీసులో ఒక్క ఉదయే. "జర తెలుపు కలిపి ఎలిసిపోయినట్టు చెయ్యి, మా అన్న సూస్తే తెల్వొద్దు అన్నడు. చేసిన. మీదికెళ్లి క్లియర్ కొట్టి, దాని మెరుపు గుడ చంపిన." నేను ఇక ఫైలు మీద ముద్ర వేయడమే మిగిలిందన్నట్టు, ఎక్కడ గుద్దాడట అని అడిగాను.

కుమారస్వామి కళ్లజోడు కిందికి దించుకున్నాడు. "ఆయన గుద్దలేదు సార్. ఎవ్వరు నడుపుతలేరంట అప్పుడు. బండి దానంతట అదే ఎనకకు పోయిందంట. నీ తమ్ముడు ఈడ కూసొని ఏడ్సిండు సార్, గందుకే యాదికున్నది."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆటోవాడు రెండుసార్లు అడిగాడు ఒంట్లో బాగుందా అని.

నవంబర్ 22, మళ్లీ

ఇటుక పెట్టాను.

నవంబర్ 23

ఇటుక పెట్టాను. ట్యాంకర్ పోయింది, కారును వెనక్కి తెచ్చాను, ఆటోవాడు హారన్ కొట్టాడు, ఇటుక పెట్టాను, సంచి తీసుకున్నాను, ఎక్కాను. ఇందులో సందేహం లేదు. నేను మరిచిపోయే మనిషిని కాను.

నవంబర్ 24

ఆటోవాడు హారన్ కొట్టాడు. సంచి తీసుకున్నాను. ఎక్కాను.

నవంబర్ 25, సోమవారం

ఎల్లవ్వ పొద్దున తొంగి చూస్తుంటే గేటు తీసుకుని బయటికి వెళ్లి నిలబడ్డాను. రోజూ నా కారు కింద ఏం వెతుకుతున్నావని అడిగాను. బెదరలేదు. నిఠారుగా లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇటుక ఉన్నదా లేదా అని సూస్త సారూ. పన్నెండేండ్ల సంది సూస్తున్న. అమ్మను ఆ స్తంభం కాడికెళ్లి గుంజింది నేనే కద."

అమ్మ బాత్రూంలో కదా పడింది అన్నాను. ఎల్లవ్వ నన్ను జాలిగా చూసి, బొగ్గులు ఆరిపోతున్నాయని వెళ్లిపోయింది.

రాగిణి ఇవాళ బడికి సెలవు పెట్టింది. నేను అడగలేదు, తెల్ల గుడ్డ, శుభలేఖ రెండూ బల్ల మీద పెట్టాను. ఆమె వాటినే చూస్తూ చెప్పింది. నేను ఖమ్మం బయల్దేరిన పొద్దున ఆరుంపావుకు అమ్మ గేటు ముందు ముగ్గు వేస్తూ ఉంది. కారు కదిలింది. గంటసేపు ఎందుకు ఆగిందో, అప్పుడే ఎందుకు కదిలిందో తెలియదు. అమ్మ స్తంభానికీ డిక్కీకీ మధ్య పడింది. ఇటుక గోడ మీద ఉంది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో అమ్మ ఒకటే మాట, పెద్దోడికి తెలియొద్దు అని. బాత్రూం అని చెప్పమన్నది అమ్మే. ఎవరి వల్ల జారావని నేను అడుగుతానని కూడా అమ్మకు తెలుసు. తన పేరు చెప్పమని ఉదయే ముందుకొచ్చాడు.

ఎందుకు, అన్నాను.

"అత్తమ్మ ఏమన్నదో చెప్పాల్నా? నా పెద్దోడు తప్పు చేసినోళ్లను ఇడిసిపెట్టడు, తనను అసలే ఇడిసిపెట్టడు, పానం తీసుకుంటడు అన్నది."

తర్వాత రాగిణి గుడ్డను మడత పెడుతూ ఇంకొకటి చెప్పింది. అది ఇవాళ రాయలేను.

నవంబర్ 26

(ఏమీ లేదు.)

నవంబర్ 28, గురువారం

రాస్తాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

రాగిణి అన్నది ఇది. "ఆరింటికి నువ్వు ఫోన్ చేసినవ్. అమ్మ లేచిందా అని అడిగినవ్. గేటు కాడ ముగ్గేస్తున్నది, పిలువనా అన్న. వద్దన్నవ్. జరసేపు ఏం మాట్లాడలే. తర్వాత పెట్టేసినవ్. నువ్వు ఎన్నడు బస్సులకెళ్లి ఫోన్ చేసినోనివి కాదు. ఆ ఫోన్ సంగతి నేను ఉదయ్‌కు తప్ప ఎవ్వలికి చెప్పలే. అత్తమ్మకు గుడ చెప్పలే."

హయత్‌నగర్‌లో బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్కన ఒక లారీ, దాని చక్రం కింద రాయి. అది చూడగానే గుర్తొచ్చింది. ఇటుక గోడ మీదే ఉండిపోయింది. ఫోన్ తీశాను. రాగిణి ఎత్తింది. ఇటుక పెట్టు అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. హ్యాండ్‌బ్రేక్ బాగు చేయించమని ఆమె ఏడాదిగా పోరుతోంది. నేను మరిచిపోయానని ఆమెకు చెప్పాల్సి వస్తుంది, ఆమె సరే అంటుంది, ఆ సరేలో ఏముంటుందో నాకు తెలుసు. గంట నుంచి కదలనిది ఇక కదలదులే అనుకున్నాను. పెట్టేశాను.

పదిహేను నిమిషాలున్నాయి.

ఖమ్మం చేరాక అమ్మ బాత్రూంలో జారిందని ఫోన్ వచ్చింది. నాకు కలిగిన మొదటి భావం ఇది. హమ్మయ్య అనిపించింది. బాత్రూం కదా, కారు కాదు కదా అని. పని వదిలి రాలేదు, మూడు వారాలకు ఇంటికి వచ్చాక కూడా ఇటుక సంగతి ఎవరినీ అడగలేదు. కారు ఏదని కూడా అడగలేదు. అది నాలుగు రోజుల తర్వాత వచ్చింది, సర్వీసింగుకు వెళ్లిందన్నారు, సరే అన్నాను. ఇరవై ఆరేళ్ల విజిలెన్స్. తీరికగా ఉదయ్‌ను గేటు ముందు నిలబెట్టి తిట్టాను. సరిగ్గా ఆ స్తంభం పక్కన.

అమ్మ నా గురించి తప్పుగా అనుకుంది. నన్ను నేను ఎంత బాగా వదిలేసుకున్నానో ఆమెకు తెలియదు.

డిసెంబర్ 1, ఆదివారం

అంబర్‌పేట వెళ్లాను. రాగిణి వస్తానంది, వద్దన్నాను. ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. ఉదయ్ జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేశాడు, తను నిలబడే ఉన్నాడు.

అంతా చెప్పాను. ఇటుక, బస్సు, ఫోన్. ఫోన్ సంగతి చెప్తున్నప్పుడు వాడు పందిరి వైపు తిరిగాడు. నేను క్షమించమని అడిగే లోపే వాడే మాట్లాడాడు. వాడికీ కోపం ఉందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

"అమ్మ ఉన్నన్ని రోజులు అమ్మ కోసం ఊకున్న. అమ్మ పోయినంక ఎవ్వరి కోసం గాదు అన్నా, నీ అంతట నువ్వు చెప్తవా లేదా అని ఊకున్న. మూడేండ్లు. నువ్వు ఆ రోజు గల్లీ అంత ఇంటుండంగ నన్ను తిట్టినవ్. సంధ్యకు అప్పుడు పద్నాలుగేండ్లు, పైకెళ్లి సూసింది. నాకు చెప్పినవ్, మంచిది. గల్లీల చెప్పు. చెప్పి పెండ్లికి రా. చెప్పకుంటే గుడ కార్డుల నీ పేరు ఉంటది. కానీ నువ్వు రాకు."

టీ తెచ్చారు. తాగాను.

డిసెంబర్ 2

రేపు చెప్తాను. గల్లీకి తెలియనిది ఏముంది? ఎల్లవ్వ చూసింది, నలుగురు కలిసి కారును ఎత్తారట. అందరికీ తెలుసు, అందరూ అమ్మ మాట మీద నిలబడ్డారు. తెలిసిన సంగతినే మళ్లీ చెప్పడమెందుకు?

డిసెంబర్ 2, మళ్లీ

ఫోన్ సంగతి తెలియదు వాళ్లకు.

డిసెంబర్ 3, మంగళవారం

ట్యాంకర్ రాలేదు. వస్తే అందరూ బయట ఉంటారు, ఒకేసారి అయిపోతుంది. రాలేదు. ఆ సంతోషాన్ని గుర్తుపట్టాను. బాత్రూం అని విన్నప్పటి సంతోషమే.

మెకానిక్‌ను పిలిపించి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మార్పించాను. ముప్పావు గంట పని. కూలీ, సామాను కలిపి, ఇన్నాళ్లుగా నేను కాంపౌండ్ మీద పెట్టినంత కూడా కాలేదు.

డిసెంబర్ 4, బుధవారం

పొద్దున ఆరున్నరకు ట్యాంకర్ వచ్చింది. బిందెలు, డ్రమ్ములు, పైపు కోసం మామూలు గొడవ. పక్కింటి శ్రీరామమూర్తి గారు, ఎదురు హాస్టల్ వార్డెను, పై వాటాలో కిరాయికుండేవాళ్లు, ఎల్లవ్వ. రాగిణి గేటు లోపల నిలబడింది.

నేను స్తంభం పక్కన నిలబడి చెప్పాను. ఉపన్యాసంలా తయారు చేసుకున్నదంతా పోయింది. అమ్మ నేను పెట్టని ఇటుక వల్ల పడిందని చెప్పాను. శ్రీరామమూర్తి గారు, పోనీలే ఉమాకాంత్, ఎప్పటి ముచ్చటో, మతిమరుపు అందరికీ ఉంటది, అన్నారు. అక్కడ ఆగిపోవచ్చు. ఎంత హాయిగా ఉండేదో. మతిమరుపు కాదండీ, బస్సులో గుర్తొచ్చింది, ఫోన్ చేశాను, చెప్పలేదు, ఇంకా పావుగంట ఉండింది అన్నాను. ఉదయ్ తప్పేమీ లేదని, ఇదే చోట వాణ్ణి తిట్టినందుకు సిగ్గుపడుతున్నానని చెప్పాను.

పైపు నీళ్లు ఒక బిందె నిండి కింద పారుతున్నాయి. ఎవరూ పైపు మార్చలేదు. శ్రీరామమూర్తి గారు నా మొహం చూడకుండా తన బిందె ఎత్తుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే మళ్లీ నీళ్ల పనిలో పడ్డారు. ఎవరూ నన్ను ఓదార్చలేదు. అది సరైనదే.

రాగిణి లోపలికి వెళ్లి ఉదయ్‌కు ఫోన్ చేసింది. నేను వంటింట్లోకి వెళ్లినా పెట్టేయలేదు.

డిసెంబర్ 5, గురువారం, పొద్దున

పదింటికి ముహూర్తం. ఎనిమిదిలోపు బయల్దేరాలి. నలభై రోజులు నిండలేదు కాబట్టి నేను నడపకూడదు, రాగిణి నడుపుతుంది. కారు ముందు నుంచి చూస్తే నాన్న ఇంటికి తెచ్చిన రోజులా ఉంది. డిక్కీని మళ్లీ ముట్టుకోలేదు. ఉదయ్ కోరి వేయించిన వెలిసిన రంగు అలాగే ఉంటుంది.

ఇందాక ఎల్లవ్వ వచ్చి వంగి చూసింది. హ్యాండ్‌బ్రేక్ బాగు చేయించానని, ఇక ఆ అవసరం లేదని చెప్పాను. మంచిది సారూ అంది. అని, ఇటుకను కాలితో చక్రం కిందికి ఇంకొంచెం తోసి, తన బండి దగ్గరికి వెళ్లిపోయింది.